క్లోవర్ మడికి చలికాలం కాపలా

సిరికి ఒక సందేహం ఏళ్ళ తరబడి ఉంది.

ప్రతి సంవత్సరం ఆక్లండ్‌లో చలి మొదలయ్యే మే నెల రాగానే నాన్న తులసి కుండీని వెనక డెక్ మీద నుంచి ఇంట్లోకి తెస్తాడు. హాల్లో ఎండ పడే కిటికీ దగ్గర పెడతాడు. పక్కనే హీట్ పంప్ వెచ్చగా ఊదుతూ ఉంటుంది. మరి కంచె పక్కన నిమ్మచెట్టు? మెట్ల దగ్గర లావెండర్? వాటిని ఎవరూ లోపలికి పిలవరు. రాత్రంతా చలిలో, వానలో అవి అలాగే నిలబడి ఉంటాయి.

"దేవుడికి అన్ని మొక్కలూ ఒకటేనని నువ్వే అంటావుగా అమ్మా. మరి తులసమ్మకు ఒక్కదానికే హీటర్ ఎందుకు?" అని చిన్నప్పుడే అడిగింది.

"తులసమ్మ చలికి ఓర్చుకోలేదే" అంది అమ్మ.

"మిగతావి ఓర్చుకుంటాయని నీకెవరు చెప్పారు?"

అమ్మ నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సందేహం మాత్రం సిరి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు సిరికి పదేళ్ళు.

ఈ మే నెలలో ఒక మంగళవారం లంచ్ అయ్యాక, హెండర్సన్‌లోని తన స్కూలు తోటలో నిలబడి ఉన్నప్పుడు ఆ సందేహం మళ్ళీ లేచి కూర్చుంది.

స్కూలు హాలు వెనక రెండు మళ్ళు ఉన్నాయి. చుట్టూ చెక్కలు పాతిన, మంచమంత మళ్ళు. పోయిన ఏడాది వాటిలో గుమ్మడి పాదులు పెట్టారు. కాయలు నిమ్మకాయలంత అయ్యి ఆగిపోయాయి. "మట్టికి ఆకలిగా ఉంది" అన్నారు క్లాస్ టీచర్ మిస్ అరోహా. అందుకని మార్చిలో పిల్లలందరూ కలిసి తెల్ల క్లోవర్ గింజలు చల్లారు. క్లోవర్ మొక్క గాలిలో ఉన్న ఆహారాన్ని పట్టుకుని వేళ్ళలో దాచుకుంటుందట. చివరికి దాన్ని మట్టికే ఇచ్చేస్తుందట.

ఇప్పుడు రెండు మళ్ళలోనూ మూడేసి రెక్కల చిన్న ఆకులు పచ్చగా పరుచుకున్నాయి.

"ఇక చలికాలం వస్తోంది. ఇవి బతికితేనే వసంతంలో తేనెటీగలు వస్తాయి, ఆ తర్వాత మంచి గుమ్మడికాయలు వస్తాయి. అందుకని మనకు ఇద్దరు కైతియాకిలు కావాలి" అన్నారు మిస్ అరోహా.

కైతియాకి అంటే మావోరి భాషలో కాపాడేవాళ్ళు. ఆ మాట స్కూల్లో అందరికీ తెలుసు. అందరి చేతులూ పైకి లేచాయి.

"మొదటి మడికి మనీష్. రెండో మడికి సిరి."

సిరి తన మడి అంచు దాకా ఒక్క గెంతు గెంతింది.

"రోజూ చూస్తూ ఉండండి. గడ్డి మొలిస్తే పీకండి. రాలిన ఆకులు మీద పడితే తీసేయండి. మడిలో అడుగు పెట్టొద్దు. ఏదైనా తేడాగా కనిపిస్తే నాకు చెప్పండి. సెప్టెంబర్‌లో స్ప్రింగ్ డే రోజున మీ మడి గురించి మీరే అందరి ముందు మాట్లాడాలి."

సిరికి ఆఖరి మాట ఒక్కటే చెవిలో పడింది. అందరి ముందు! అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. నాన్న ఫోన్‌లో వీడియో తీస్తాడు. ఆ బొమ్మ కళ్ళ ముందు కదులుతుంటే మిగతా మాటలన్నీ గాలికి పోయాయి.

"హే సిరి! ఈ వారం వెదర్ ఎలా ఉంటుంది?" అన్నాడు మనీష్. అందరూ నవ్వారు. ఫోన్‌లో ప్రశ్నలకు జవాబు చెప్పే 'సిరి' పేరు మీద, స్కూల్లో చేరినప్పటి నుంచీ ఆమె వింటున్న జోకే అది.

"నీ నెత్తి మీద వడగళ్ళు పడతాయి" అంది సిరి.

*

అమ్మ పేరు రమామణి. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళకు సాయం చేసే ఉద్యోగం. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే సిరి విషయం చెప్పేసింది.

అమ్మ చేతులు కడుక్కుని తిన్నగా దేవుడి గూటి దగ్గరికి వెళ్ళింది. "స్వామీ, మా పిల్లకు కాపాడే పని అప్పజెప్పారు. చూస్తున్నావుగా" అంటూ దీపం వెలిగించింది.

నాన్న ఉదయభాస్కర్ న్యూ లిన్‌లో టైర్ల షాపులో పని చేస్తాడు. రాత్రి భోజనాల దగ్గర సంగతి విని, "అయితే మన ఇంట్లో ఒక ఆఫీసర్ ఉందన్నమాట. మేడమ్, కొంచెం పప్పు వేయమంటారా?" అన్నాడు.

సిరి చాలా గంభీరంగా కంచం ముందుకు జరిపింది.

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ హాల్లోకి వచ్చేసరికి అమ్మ తులసమ్మ ముందు నిలబడి ఉంది. తల స్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, రోజూ లాగే నీళ్ళు పోస్తోంది. సిరికి అమ్మ వీపే కనిపించింది.

"తల్లీ, మా ఇంటిని చల్లగా చూడు."

"ఇంత చలిలో ఇంకా చల్లగానా అమ్మా?" అంది సిరి నోటి నిండా నురగతో.

"ముందు నోరు కడుక్కో పోవే!"

సిరి నోరు కడుక్కుని వచ్చింది. అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది. తులసమ్మ అంత బాగా ఉందంటే అమ్మ ఒక్కరోజు కూడా మానకుండా నీళ్ళు పోయబట్టే కదా? తన క్లోవర్‌ను కూడా అలాగే చూసుకోవాలి. ఎవరూ పట్టించుకోని మొక్కలను తాను పట్టించుకోవాలి.

"అమ్మా, నాకొక స్టీలు చెంబు ఇస్తావా? నా మడికి."

అమ్మ మురిసిపోయి చెంబు తీసి ఇచ్చింది. ఇంకేమీ అడగలేదు.

నాన్న షాపు తొందరగా తెరుస్తారు. వెళ్తూ దారిలో దింపుతాడు కాబట్టి సిరి అందరికంటే ముందే స్కూలుకు చేరుతుంది. కుళాయి దగ్గర చెంబు నింపుకుంది. మడి మధ్యకు చెయ్యి అందలేదు. వానకు వేసుకునే రబ్బరు గమ్‌బూట్లతో మడిలోకి దిగి నాలుగు మూలలా పోసింది. మళ్ళీ నింపుకొచ్చింది. మళ్ళీ పోసింది. మట్టి మెరిసేదాకా పోసి, రెండు చేతులూ జోడించింది.

"క్లోవరమ్మా, చల్లగా... కాదు కాదు, వెచ్చగా ఉండు."

జూన్‌లో వానలు పట్టుకున్నాయి. ఆక్లండ్ వానకు ఒక పద్ధతంటూ ఉండదు. పడుతుంది, ఆగుతుంది, పోయిందనుకునేలోగా మళ్ళీ పడుతుంది. సిరి రెయిన్‌కోట్ వేసుకుని, వానలోనే చెంబుతో నీళ్ళు పోసింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు మనీష్ గొడుగు కింద నుంచి. "వాన పడుతోంది కదా?"

"మా అమ్మ తులసమ్మకు రోజూ పోస్తుంది. ఒక్కరోజు కూడా మానదు."

"మీ తులసి ఇంట్లో ఉంది కదా?"

"అయితే?"

మనీష్ భుజాలు ఎగరేశాడు. తన మడి దగ్గరికి వెళ్ళాడు. చెక్క మీద గొంతుకు కూర్చుని కాసేపు చూశాడు. ఒక గడ్డి పరక పీకి, ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. రోజూ అంతే. అంతకు మించి ఒక్క పని చేయడు. 'పాపం, ఆ మడికి ఎవరూ లేరు' అనుకుంది సిరి.

మొదటిసారి మంచు పడిన రోజున సిరి ఇంట్లో ఉన్న పాత ఎర్ర శాలువ తెచ్చి తన మడి మీద కప్పింది. అంచులు నాలుగు వైపులా దోపింది.

"పడుకునే ముందు కథ కూడా చెప్తావా?" అన్నాడు మనీష్.

"చెప్తా. ఒక సోమరిపోతు కథ. వాడి పేరు కూడా నీ పేరే."

జులై సెలవుల్లో కూడా సిరి మానలేదు. "నాన్నా, ఒక్క అయిదు నిమిషాలు. స్కూలు దాకా తీసుకెళ్ళవా?"

"బయట కుండపోతగా ఉంది బంగారం."

"అయినా సరే."

నాన్న విసుక్కోలేదు. పైగా గుడిలో కనిపించిన వీరరాఘవయ్య అంకుల్‌కు చెప్పుకున్నాడు కూడా. "మా అమ్మాయి శ్రద్ధ చూడండి సార్. సెలవుల్లో కూడా మొక్కలకు నీళ్ళు పోయనిదే టిఫిన్ ముట్టదు."

సిరి పక్కనే నిలబడి, ఏమీ విననట్టు ప్రసాదం తింటూ ఉంది. ఆ రోజు పులిహోర ఇంకాస్త రుచిగా ఉంది.

*

సెలవులు అయ్యాయి. స్కూలు తెరిచిన రోజున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. మిస్ అరోహా ఇంకా క్లాసులోనే ఉన్నారు. పిల్లలందరూ ముందే పరిగెత్తుకుంటూ మళ్ళ దగ్గరికి వచ్చారు.

నీళ్ళు పోసేటప్పుడు సిరి ఎప్పుడూ శాలువ మీద నుంచే పోసేది. మొక్కలకు చలి తగులుతుందేమోనని మళ్ళీ తీయలేదు. ఈరోజు అందరూ చూస్తుండగా అంచు పట్టుకుని ఎత్తింది. తడిసి బరువెక్కిన శాలువ బురదను ఈడ్చుకుంటూ లేచింది. కుళ్ళు వాసన గుప్పుమంది.

కింద ఆకులు పసుపు రంగుకు తిరిగిపోయాయి. కాడలు మెత్తబడి జిగురుగా అయ్యాయి. మధ్యలో ఖాళీ బురద. ఆ బురదలో లోతుగా అడుగుల గుర్తులు. ఆ గుర్తుల నిండా నీళ్ళు.

పక్కన మనీష్ మడి. మంచు కింద ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి. ఎండ పడిన మేరకు మంచు కరిగిపోతుంటే, ఒక్కో ఆకూ మెల్లగా తలెత్తుతోంది.

"నీ మడికి ఏమైంది సిరీ?" అంది ఒక అమ్మాయి.

సిరి చేతిలోని శాలువను కింద పడేసింది. వానలో తడిసింది తాను. శాలువ కప్పింది తాను. దణ్ణం పెట్టుకుంది తాను. ఏమీ చేయనివాడి మడి మెరుస్తోంది. ఇదెక్కడి న్యాయం? దేవుడు అసలు ఇటు చూశాడా?

ఆమె కళ్ళు ఆ అడుగుల మీద పడ్డాయి.

"ఎవరో తొక్కారు!" అంది. "మనీషే తొక్కాడు! రోజూ ఇక్కడికి వచ్చేది వాడొక్కడే!"

"నేనా? నేను తొక్కలేదు!"

"మరి నీ మడి ఒక్కటే బాగుందేం? నీదే గెలవాలని నాది తొక్కేశావు!"

"గెలవడం ఏంటి? ఇది రన్నింగ్ రేసా?" మనీష్ ముఖం ఎర్రబడింది. "నేను తొక్కలేదని చెప్తున్నా కదా!"

వెనక నుంచి ఎవరో "మిస్టర్ ఎలిఫెంట్!" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. లంచ్ టైమ్‌కల్లా ఆ పేరు క్లాసంతా పాకింది. సాయంత్రానికి పక్క క్లాసుకు కూడా తెలిసింది.

*

ఆ సాయంత్రం సిరి ఏడుపు మొహంతో ఇంటికి వచ్చింది. బూట్లు కూడా విప్పకుండా తిన్నగా వంటింట్లోకి నడిచింది.

"సిరీ! ఆ బూట్లు బయట విప్పవే! ఇప్పుడే తుడిచాను!"

సిరి ఉలిక్కిపడి కిందికి చూసింది. తెల్లటి నేల మీద తలుపు నుంచి తన దాకా బురద అడుగులు. ప్రతి అడుగులోనూ మడమ దగ్గర ఒక నక్షత్రం గుర్తు.

సిరి అక్కడే ఆగిపోయింది. పొద్దున బురదలో చూసిన గుర్తులను తలుచుకుంది. వాటి మడమల దగ్గర కూడా నీళ్ళలో ఏదో కోణాలు కోణాలుగా కనిపించింది. చూసింది. కానీ సరిగా చూడలేదు.

మెల్లగా బూటు విప్పి తిప్పి చూసింది. అడుగున, మడమ కింద నక్షత్రం. సేల్‌లో అమ్మ కొన్న బూట్లు. క్లాసులో ఇలాంటివి ఇంకెవరికీ లేవు.

ఆ అడుగులు తనవే. నీళ్ళు పోయడానికి మడిలోకి దిగింది తానే.

"ఏమైందే? కొట్టానా, తిట్టానా?" అమ్మ తుడిచే గుడ్డ పక్కన పడేసి దగ్గరికి వచ్చింది.

"అమ్మా... నువ్వు తులసమ్మకు రోజూ ఎన్ని నీళ్ళు పోస్తావు?"

అమ్మ ఒక్క క్షణం ఆమె వంక చూసింది. తర్వాత చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ముందు తన వేలు కుండీలో మట్టిలోకి గుచ్చింది. తర్వాత పక్కన ఉన్న చిన్న రాగి ఉద్ధరిణె తీసింది. పూజలో తీర్థం ఇచ్చే చెంచా అది.

"చలికాలంలో ఇదిగో, ఇంతే. అదీ మట్టి పొడిగా ఉంటేనే."

"తడిగా ఉంటే?"

"ఉత్తినే దణ్ణం పెట్టుకుంటాను."

"కానీ నువ్వు రోజూ పోస్తావుగా!"

"రోజూ వస్తాను. రోజూ చూస్తాను. పోయడం రోజూ కాదే పిచ్చిదానా."

సిరి ఆ చిన్న చెంచాను చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె చూసింది అమ్మ వీపును మాత్రమే.

"మరి నిమ్మచెట్టు? దానికి చలి వేయదని నీకెలా తెలుసు?"

"నాకూ ఎవరూ చెప్పలేదు. ఈ ఇంటికి వచ్చిన ఏడాది రోజూ పొద్దున కిటికీలోంచి చూసేదాన్ని, ఇవాళ వాడిపోయిందా, ఇవాళ వాడిపోయిందా అని. అది వాడలేదు సరికదా, చలిలోనే కాయలు కాసింది. అదిగో చూడు."

బయట సన్నటి వానలో నిమ్మచెట్టు నిండా పసుపు పచ్చని కాయలు వేలాడుతున్నాయి.

*

మర్నాడు పొద్దున సిరి మిస్ అరోహాకు అంతా చెప్పేసింది. నీళ్ళ సంగతి, శాలువ సంగతి, బూట్ల సంగతి.

మిస్ అరోహా కోప్పడలేదు. పొడవాటి ఇనప పళ్ళున్న గార్డెన్ ఫోర్క్ తెచ్చి మడిలో గుచ్చి తీశారు. ఆ కన్నాల్లోంచి నీళ్ళు బుడబుడమంటూ పైకి వచ్చాయి.

"ఇక్కడిది బంకమట్టి. నీళ్ళు తొందరగా కిందికి దిగవు. క్లోవర్ చలికి భయపడదు సిరీ. వేళ్ళు ఎప్పుడూ నీళ్ళలో నానుతుంటే మాత్రం ఊపిరాడదు."

సిరి తల వంచుకుంది. "చచ్చిపోయిందా మిస్?"

ఆవిడ బురదలోంచి ఒక కాడను తీసి గోటితో గీరారు. పైన గోధుమ రంగు. లోపల సన్నటి పచ్చ గీత.

"ఇంకా లేదు."

ఇద్దరూ కలిసి పల్లంగా ఉన్న వైపు ఒక చిన్న కాలువ తవ్వారు. చూస్తుండగానే మడిలో నీళ్ళు అటు జారిపోయాయి. కుళ్ళిన ఆకులన్నీ ఏరేశారు. ఇకపై ఎవరూ లోపల అడుగు పెట్టక్కర్లేకుండా మడికి అడ్డంగా ఒక చెక్క పలక వేశారు.

"మధ్యలో ఖాళీ అయిన చోట కొత్త మొక్కలు నాటాలి. తెల్ల క్లోవర్ నేల మీద పాకుతుంది. పాకిన కాడలు కొన్ని తెచ్చి పెడితే అంటుకుంటాయి" అన్నారు మిస్ అరోహా. "కానీ అవి మనీష్ మడిలో ఉన్నాయి. దానికి కైతియాకి వాడు. వాడినే అడగాలి."

సిరి పక్క మడి వైపు చూసి తల తిప్పుకుంది.

"బూట్ల సంగతి మనీష్‌కు చెప్పావా?"

"ఇంకా లేదు మిస్."

"సరే" అన్నారు ఆవిడ. ఫోర్క్ తీసుకుని వెళ్ళిపోయారు.

మనీష్ తన మడి దగ్గరే గొంతుకు కూర్చుని ఉన్నాడు. సిరి వెళ్ళి అడిగింది. పోట్లాడతాడని అనుకుంది. వాడు తన మడి వంక ఒకసారి చూసుకుని, "ఎన్ని కావాలి?" అన్నాడు.

"నువ్వు ఎన్ని ఇస్తే అన్ని."

"ఇక్కడ కత్తిరించకు. ఇదిగో, ఇక్కడ. కణుపు దగ్గర వేళ్ళు ఉంటాయి చూడు. వేళ్ళు ఉన్న ముక్కే బతుకుతుంది."

"నీకెలా తెలుసు?"

"రోజూ చూస్తాగా. చేయడానికి ఏమీ లేదు కదా, చూడడమే" అని మట్టితో సహా కాడలు తీసి ఆమె దోసిట్లో పెట్టాడు.

చెప్పేయాలని సిరికి నోటి దాకా వచ్చింది. ఇంతలో బెల్ మోగింది. "థాంక్స్" అని మాత్రం అనగలిగింది.

"మిస్టర్ ఎలిఫెంట్, తొందరగా రా!" అని మెట్ల దగ్గర నుంచి ఎవరో అరిచారు.

మనీష్ నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

*

ఆగస్టు అంతా సిరి పొద్దున్నే మడి దగ్గరికి వచ్చింది. చెంబు ఇంట్లోనే ఉండిపోయింది. చేతులు జేబుల్లో పెట్టుకుని, పలక మీద గొంతుకు కూర్చునేది. వేలు మట్టిలో గుచ్చి చూసేది. కాలువలో ఆకులు అడ్డం పడితే తీసేది. దణ్ణం పెట్టుకుని లేచేది.

ఏమీ చేయకుండా ఉండడం నీళ్ళు మోయడం కంటే కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎన్నిసార్లు కుళాయి వైపు చూసిందో! చూసి, మళ్ళీ జేబుల్లోనే చేతులు పెట్టుకునేది.

ఒకరోజు తెల్లవారుజామున పడిన వాన ఆగాక చూస్తే, మనీష్ ఇచ్చిన కాడ కణుపు దగ్గర బియ్యపు గింజంత ఆకు వచ్చింది. మూడు రెక్కలూ ఇంకా ముడుచుకునే ఉన్నాయి, అరచేతులు జోడించినట్టు. సిరి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. నెలాఖరుకు బురద కనిపించడం మానేసింది. పాత కాడలు కూడా చిగురు వేశాయి.

మడి బాగుపడింది. ఆ పేరు మాత్రం పోలేదు.

చిన్న క్లాసు పిల్లలు కూడా మనీష్‌ను ఎలిఫెంట్ అనే పిలుస్తున్నారు. వాడు నడుస్తుంటే వెనక ధబ్ ధబ్ అని చప్పుడు చేస్తున్నారు. మొదట్లో వాడు కూడా తొండం ఊపినట్టు చెయ్యి ఊపేవాడు. ఇప్పుడు ఊపడం లేదు. ఒకరోజు సాకర్ ఆటకు రాకుండా లైబ్రరీలో ఒక్కడే కూర్చున్నాడు. సిరి కిటికీలోంచి చూసింది.

ఎక్కడో చాటుగా మనీష్ ఒక్కడికే చెప్పేస్తే సరిపోతుందా? అప్పుడు ఆ పేరు పోతుందా? తాను అన్నది అందరి ముందు కదా?

అందరూ ఉండేది ఒకే ఒక్క రోజు. ఆ రోజు కోసమే సిరి మే నెల నుంచీ కలలు కంటోంది. అమ్మ ముందు, నాన్న ముందు, స్కూలంతా చూస్తుండగా తాను గొప్పగా కనిపించవలసిన రోజు అది.

*

స్ప్రింగ్ డే వచ్చింది. ఎండ కాసింది. అమ్మ డ్యూటీ మార్చుకుని, పట్టుచీర మీద కోటు వేసుకుని వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చుని ఫోన్ రెడీగా పట్టుకున్నాడు. రెండు మళ్ళూ పచ్చగా ఉన్నాయి. అక్కడక్కడా తెల్లటి పూలు తలెత్తాయి. నిజంగానే ఒక తేనెటీగ వచ్చి వాటి మీద తిరుగుతోంది.

ముందు మనీష్ మాట్లాడాడు. "ఇది నా మడి. బాగుంది. నేను పెద్దగా ఏమీ చేయలేదు. థాంక్యూ."

అందరూ చప్పట్లు కొట్టారు. "వెల్ డన్, మిస్టర్ ఎలిఫెంట్!" అని వెనక నుంచి ఒక గొంతు. పిల్లలు నవ్వారు. సంగతి తెలియని పెద్దవాళ్ళు కొందరు కూడా నవ్వారు. మనీష్ నేల చూపులు చూస్తూ వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాడు.

"ఇప్పుడు సిరి" అన్నారు మిస్ అరోహా.

సిరి లేచి మడి పక్కన నిలబడింది. ఎండ ఉన్నా ఆమె కాళ్ళకు గమ్‌బూట్లే ఉన్నాయి. చెప్పాలనుకుని ఇంట్లో అద్దం ముందు నేర్చుకున్న మాటలు ఉన్నాయి. క్లోవర్ మట్టికి ఏమిస్తుంది, తేనెటీగలకు ఏమిస్తుంది. అవన్నీ పక్కన పెట్టింది.

"ఈ మడి జులైలో దాదాపు చచ్చిపోయింది" అంది. "చంపబోయింది నేనే. వానలో కూడా నీళ్ళు పోశాను. ఊపిరాడకుండా శాలువ కప్పాను. మా అమ్మ తులసమ్మకు చేసినట్టే చేస్తున్నాననుకున్నాను. అమ్మ ఏం చేస్తుందో సరిగా చూడలేదు."

నాన్న ఫోన్ వెనక నుంచి కళ్ళు పైకెత్తాడు.

"మనీష్ నా మడిని తొక్కాడని అందరి ముందు చెప్పాను. వాడు తొక్కలేదు."

సిరి వెనక్కి తిరిగింది. పలక పట్టుకుని వంగి, ఒక కాలు ఎత్తింది. గమ్‌బూటు అడుగు అందరికీ కనిపించేలా పెట్టింది.

"మడమ కింద నక్షత్రం ఉంది చూడండి. ఆ రోజు మడిలో ఉన్న అడుగులన్నింటికీ ఈ నక్షత్రం ఉంది. ఆ అడుగులు నావి."

ఎవరూ నవ్వలేదు. సిరి కాలు దించి మళ్ళీ ఇటు తిరిగింది.

"ఎలిఫెంట్ అని పిలవాలంటే నన్ను పిలవండి. ఈ మడి మధ్యలో ఉన్న మొక్కలన్నీ మనీష్ ఇచ్చినవే. ఎలా కత్తిరించాలో నేర్పింది కూడా వాడే. సారీ మనీష్."



తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. అమ్మ చప్పట్లు కొట్టలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మెడ నిటారుగా పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళను ఒకసారి చూసింది. ఆ పిల్ల నా పిల్లే అన్నట్టు చూసింది. నాన్న ఫోన్ మాత్రం కిందికి దించలేదు.

ముందు వరసలో అమ్మానాన్నల మధ్య సిరికి ఒక కుర్చీ ఖాళీగా ఉంది. సిరి అటు వెళ్ళలేదు. పిల్లల బెంచీ చివరికి వెళ్ళి మనీష్ ముందు నిలబడింది.

మనీష్ చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

"చెప్పడానికి ఇన్ని రోజులా?" అన్నాడు మెల్లగా.

"ఊఁ" అంది సిరి.

వాడు కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.